తీగ చుట్టే తమ్ముడి గిటార్

రామి తన తమ్ముడు కుమార్‌తో తెలుగులో మాట్లాడిన రోజున అతనికి అక్క లేకుండా పోయింది.

పుట్టిన దగ్గర్నుంచి వాళ్లిద్దరి మధ్య లంబాడీ తప్ప మరో భాష నడవలేదు. మానుకోట అవతలి తండాలో తెలుగు అంటే బడి, బజారు, బస్సు కండక్టరు. ఇంట్లో ఆకలీ అలకా అన్నీ లంబాడీలోనే. అలాంటిది భూపాలపల్లి దగ్గర తన అత్తగారి తండా నుంచి ఫోన్ చేసి రామి, "నీ చేతిల గిటార్ ఉన్నన్నినాళ్లు నా వాకిట్ల అడుగు వెట్టకు. సమజైందా?" అంది. ప్రతి మాటా తెలుగే. తూకంలో మోసం చేసిన కూరగాయలవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"బాయీ..." అన్నాడు కుమార్. లంబాడీలో అక్కను పిలిచే పిలుపు అది. అప్పటికే అవతల ఎవరూ లేరు.

జరిగింది ఇది. కుమార్‌కు బచ్చన్నపేటలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. వాన మొహం చాటేసే నేల అది. పత్తిచేలన్నీ బోరు మోటార్ల గొంతు పట్టుకుని బతుకుతాయి. కాలిపోయిన మోటార్ వస్తే అతను నల్లగా మాడిన రాగిని పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, పెద్ద బల్బు వేడికి ఆరబెట్టి పంపుతాడు. సాయంత్రాలు మాత్రం జనగామ బస్సెక్కేవాడు. అక్కడ రాజేశ్ అనే అతని పాటల స్టూడియో ఉంది. లింగాల ఘనపూర్‌లో భూములున్న ఇంటి కొడుకు రాజేశ్. జానపద పాటలు కట్టి ఫోన్లలోకి వదులుతుంటాడు. కుమార్ అక్కడ రాజేశ్ గిటార్‌తో పాటలకు వాయించేవాడు. నేర్చింది విని విని. గురువంటూ ఎవరూ లేరు.

ఒకరోజు పనిలేని వేళ ఫోన్‌లో దాచుకున్న ఒక గొంతు రాజేశ్‌కు వినిపించాడు. అది రామి పెళ్లినాటి ఏడుపు. లంబాడీ పెళ్లిలో అప్పగింతల వేళ పిల్ల ఏడ్చే ఏడుపుకు పేరుంది, రాగముంది. దాన్ని ఢావ్లో అంటారు. తల్లిని, తండ్రిని, అన్నదమ్ముల్ని వరుసగా ఒక్కొక్కరినీ మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని, ఒక్కొక్కరికీ విడిగా మాట అల్లి ఏడుస్తుంది. ఆ పూట దాటితే ఆ మాటలను సరదాకు పాడరు. పెట్టెలో మడిచిపెట్టిన పెళ్లిబట్టల్లా అవి ఆ మనిషితోనే ఉంటాయి. కుమార్ వంతు వచ్చినప్పుడు రామి "తీగ చుట్టే తమ్ముడా, నా కొత్త ఇంటిదాకా ఒక తీగ లాగవా" అని ఏడ్చింది. ఆ మాటకు ముందు ఒక్క క్షణం ఆమె గొంతు ఆగిపోతుంది. ఆ ఆగడం కుమార్‌కు ఎంతో ఇష్టం. అక్కడ ఊపిరి తీసుకుందనుకునేవాడు.

"ఎట్లుంది అన్నా?" అన్నాడు రాజేశ్‌తో, గర్వంగా.

రాజేశ్ ఆ ముక్కను తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. కుమార్ వద్దనలేదు. మెప్పు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

కొద్ది వారాలకే పాట వచ్చింది. ముందూ వెనకా డీజే దరువు, నడుమ రామి ఏడుపు. ఆమె గొంతు ఆగిన ఆ క్షణంలో రాజేశ్ డప్పులన్నింటినీ ఒక్కసారిగా కూల్చాడు. జనం ఎగిరేది సరిగ్గా అక్కడే. భూపాలపల్లి దగ్గరి ఆ తండాలో ఒక పెళ్లి బరాత్ రామి ఇంటి ముందునుంచే ఆ పాటతో పోయింది. ఆమె మరుదులు చేతులు పైకెత్తి ఆడారు. "వదినా, నీ ఏడుపు మస్తు హిట్టయింది!" అని ఒకడు కేక వేశాడు. గుమ్మంలో చేటతో నిలబడి ఉన్న రామి తన గొంతు రోడ్డు మీద తొక్కుడు పడటం చూసింది.

ఆమె ఫోన్ వచ్చిన సాయంత్రమే కుమార్ స్టూడియోకు వెళ్లాడు. ఇంకో పాటలో తన భాగానికి తీగలు మీటుతూ మీటుతూ ఆపేశాడు.

"మా అక్క గొంతు తీసెయ్ అన్నా."

"ఏంది?" రాజేశ్ చెవుల మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపాడు.

"గా పాటల నుంచి మా అక్క గొంతు తీసెయ్యి."

"పిచ్చిగిన లేసిందారా? ఊరూరా బరాత్‌లల్ల గదే మోగుతుంది. గా గొంతు తీస్తే ఇంకేమున్నది దాంట్ల?"

"అది పాట గాదన్నా. ఏడుపు."

"అవును మరి. మంచిగ ఏడ్చింది మీ అక్క. నేనేమన్న గిల్లి ఏడిపిచ్చిన్నా? తెచ్చిచ్చింది నువ్వే గద!"

అద్దం అవతల కీబోర్డు వాయించేవాడు నవ్వాడు. కుమార్ కుర్చీలోంచి లేవలేదు, వాయించనూ లేదు. అప్పుడు రాజేశ్ లేచి వచ్చి, అతని భుజం మీది పట్టీని తనే పైకెత్తి, గిటార్‌ను మేక మెడలోంచి పలుపు తీసినట్టు తీసుకున్నాడు.

"గిటార్ నాది. వేళ్లు నీవి. నీవి నువ్వు తీస్కొని పో."

బస్సులో వస్తున్నంతసేపూ కుమార్ ఎడమచేతి వేళ్లు కిటికీ ఊచ మీద లేని తీగలను వెతికాయి. కోపం అతనిలో చుట్ట చుట్టుకుంది, మోటార్ కడుపులో రాగిలా, ఒకదాని మీద ఒకటి, ఒకే దిక్కుకు. దిగేసరికి అతనిలో రెండు సంగతులు తేలిపోయాయి. ఎవడూ భుజం మీంచి తీసుకోలేని గిటార్ తనే చేసుకోవాలి. దాని మీద అక్క ఏడుపును డప్పు లేకుండా, మాట లేకుండా, ఉన్నది ఉన్నట్టు వాయించి ఆమె ముందు పెట్టాలి. దొంగిలించిన సొమ్మును కొత్త మూటలో కట్టి తెచ్చిస్తే ఇంటివాళ్లు ఏమంటారో అతను ఆలోచించలేదు.

అతని భార్య జమున ఆలోచించింది. వాళ్లింట్లో మాట సగం తెలుగు, సగం లంబాడీ. తిట్టేటప్పుడు ఆమె ఏది చేతికందితే అది వాడుతుంది.

"తప్పు జేసినోడు కాళ్లు వట్టుకుంటడు. నువ్వు కట్టె వట్టుకుంటనంటున్నవ్."

"నీకు సమజ్‌గాదు."

"నాకెట్ల సమజైతది? నేనేమన్న స్టూడియోలు తిరిగిన్నా? ఆమె గిటార్ ఒద్దంటే నువ్వు గిటార్ జేస్తవు. ఉప్పు ఎక్కువైందంటే ఇంకింత ఉప్పేసేటోన్ని నిన్నే చూసిన."

కట్టె కోసం కుమార్ తండాకు పోయాడు. వాళ్ల పాత ఇంటి వెనుక ఒక వేపదుంగ పడి ఉంది. చిన్నప్పుడు రామి ఆ చెట్టుకే ఊయల కట్టుకునేది. తండాకు కరెంటు లైను లాగినప్పుడు అడ్డమని కొట్టేశారు. ఏళ్ల ఎండకూ వానకూ పగలాల్సిన పగుళ్లన్నీ పగిలి, ఇక గట్టిగా మిగిలింది. చిన్నాయన వాల్యా దాని మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. కుమార్ సంగతి చెప్పేదాకా ఆగి, నిదానంగా పొగ వదిలాడు.

"అక్క ఏడుపు అమ్ముకున్నవ్. ఇగ అక్క ఊగిన చెట్టు గూడ గావాల్నా?"

"అమ్ముకోలేదు చిన్నాయనా."

"ఊకెనే ఇచ్చినవా? గదింకా అన్యాలం." వాల్యా లేచి పంచె దులుపుకున్నాడు. "తీస్కపో. దీని మీద కూసున్నప్పుడల్లా మీ అక్క యాదికొస్తది, దాని ఎన్క నువ్వొస్తవ్. నువ్వు యాదికి రాకుంటే నాకూ సల్లగుంటది."

మానుకోటలోని కోతమిషను దగ్గర దుంగను పలకగా కోయించాడు. రంపం దిగుతుంటే చేదు వాసన లేచింది. ఆ పొట్టు ముక్కుకు పట్టి దారంతా తుమ్మాడు. హనుమకొండలో గిటార్లు బాగుచేసే ఒకతని దగ్గర, ఒళ్లు పగిలిన గిటార్ నుంచి విప్పిన మెడ దొరికింది. తీగలు బిగించే మరలు, తీగలు ఆనే ఇనుప వంతెన, గొంతు పెంచి తగ్గించే తిప్పుడు బిళ్ల కూడా అక్కడే తెచ్చాడు. అన్నింటికన్నా ముఖ్యం పికప్. తీగల కింద కూర్చుని, వాటి వణుకును కరెంటుగా మార్చి స్పీకర్‌కు అందించే చిన్న తీగచుట్ట అది. ఆరు అయస్కాంతపు పుల్లల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి. ఆ పుల్లలూ ప్లాస్టిక్ దిమ్మా కొన్నాడు గానీ చుట్టిన చుట్టను కొనలేదు. చుట్టుడు తన పని. దాన్ని ఇంకొకడి చేతికి ఎట్లా ఇస్తాడు?

ఆ గర్వమే అతన్ని ముంచింది. తీగ చుట్టాడు. చుట్టిన దాన్ని ఏం చేస్తారు? వార్నిష్‌లో ముంచుతారు, బల్బు కింద ఆరబెడతారు. అతని చేతులు అడగకుండానే ఆ పని చేశాయి. పత్తి మోటార్లకు చేసినట్టే, అదే డబ్బా, అదే బల్బు. మధ్యాహ్నం జమున అన్నం తినమని పిలవడానికి వచ్చేసరికి షాపులో కమురు వాసన. వేడికి ప్లాస్టిక్ దిమ్మ బయటపెట్టిన కుక్క నాలుకలా వంగిపోయింది. మీటర్ పెట్టి చూస్తే చుట్ట లోపల తీగలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. నాలుగు రోజుల చుట్టుడు మూగబోయింది.

"మంచిగైంది," అంది జమున గుమ్మంలోంచి. "కట్టెకున్న బుద్ధి గూడ నీకు లేదు. అదన్న వంగకుంట పడున్నది."

అతను చేతిలోని స్క్రూడ్రైవర్‌ను గోడకేసి కొట్టాడు. ఆమె దాన్ని ఏరి, బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి వెళ్లిపోయింది.

రెండోసారి ప్లాస్టిక్‌ను నమ్మలేదు. మోటార్ల గాడుల్లో తీగ ఇనుముకు తగలకుండా పెట్టే గట్టి ఫైబర్ అట్ట ఉంటుంది కదా, దాన్ని రెండు బిళ్లలుగా కత్తిరించి, పాత పుల్లలనే నడుమ దిగ్గొట్టి, వాటి చుట్టూ తీగ చుట్టాడు. వార్నిష్ డబ్బా కేసి చూడకుండా చుట్టను మైనంలో ముంచాడు. కరెంటు పోయినప్పుడు వెలిగించి మిగిలిన కొవ్వొత్తుల మైనం.

పలకకు రంగు వేసి షాపు ముందు తీగకు వేలాడదీసిన రోజున రాజేశ్ వచ్చాడు. ట్రాలీ ఆటోలో వాళ్ల నాయిన బోరు మోటార్ ఉంది. పూతమీదున్న పత్తికి నీళ్లు ఆగిపోయాయి. రాజేశ్ దిగి, ముందు ఆ వేలాడేదాన్ని చూశాడు.

"గిదేంది కుమార్? గిటారా, బట్టలుతికే కట్టెనా?"

కుమార్ ఆటోలోని మోటార్ కేసి చూశాడు.

"సరే తియ్యి. మోటార్ కాలింది. రేపటికల్ల గావాలె. మా నాయిన పొద్దుగాల్నుంచి పరేషాన్ జేస్తుండు."

"అక్క గొంతు తీసినవా?"

"అరే, మళ్ల గదే! మోటార్‌కు, పాటకు ఏం సంబంధం?"

"నాకు రెండూ చుట్టుడే. గొంతు తియ్యి, గిప్పుడే గీడనే విప్పుత."

రాజేశ్ ముఖం ఎర్రబడింది. అతని ఇంట్లో ఎవరూ పనివాళ్ల షరతులు వినలేదు. "లంబాడోనివి నువ్వు నాకు షరతు వెడ్తవారా? జనగామల మెకానిక్‌లు సచ్చిన్రా? రెండు షాపులు దాటితే నీ అసొంటోళ్లు పదిమంది."

"మరి రెండు షాపులు దాటు."

ఆటో వెనక్కి తిరిగింది. దుమ్ము వచ్చి తడి రంగు మీద కూర్చుంది. కుమార్ దాన్ని తుడవలేదు. తుడిస్తే రంగు పోతుంది. ఆ దుమ్ము ఈనాటికీ ఆ గిటార్ మీద సన్నని ఇసుకపొక్కులుగా ఉంది, చెయ్యి వేస్తే తగులుతుంది. ఘనపూర్ వైపు నుంచి వచ్చే మోటార్లు ఆ తర్వాత తగ్గాయి. ఆ కబురు ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు. జమున మాత్రం ఆ సంగతి రోజూ ఒకసారి గుర్తుచేసింది, పళ్లు తోమినంత క్రమంగా.

అన్నీ బిగించి, పాత మైక్‌సెట్ నుంచి విప్పిన చిన్న స్పీకర్ డబ్బాకు తీగ కలిపిన రోజున గిటార్ ముందు మూలిగింది. గుంయ్‌మని, తేనెటీగల పట్టు లోపలున్నట్టు. కుమార్ అరచేయి తీగల మీద వేశాడు. మూలుగు ఆగింది. తీస్తే మళ్లీ మొదలైంది. మనిషి చెయ్యి మీద ఉన్నంతసేపే ఊరుకునే గుణం దానిది. లోపల రాగి రేకు చుట్టి బాగుచేయవచ్చని అతనికి తెలుసు. కానీ వేళ్లు అప్పటికే అక్క రాగం వెతుక్కుంటున్నాయి. ఎక్కడా డప్పు లేదు. వేప లోపలి నుంచి వచ్చినట్టు కాస్త గరుకుగా, కాస్త చేదుగా పలికింది. ఊపిరి తీసుకున్నచోట ఆగాడు. ఆ ఆగడం చాలా బాగా వచ్చిందనుకున్నాడు.

మరుసటి వారం గిటార్‌ను దుప్పట్లో చుట్టి, స్పీకర్ డబ్బాను సంచిలో వేసుకుని, హనుమకొండ మీదుగా భూపాలపల్లి బస్సెక్కాడు. రామి ఇంటి ముందు దిగేసరికి మధ్యాహ్నమైంది. బొగ్గు లారీల నల్ల దుమ్ము తులసికోట మీద కూడా ఉంది. రామి మిరపకాయలు ఎండబోస్తోంది. తలెత్తి చూసింది.

"ఎవలు గావాలె?" తెలుగులో.

"బాయీ, నేను..."

"గిటార్ ఉన్నన్నినాళ్లు రావొద్దన్న. యాదికుందా?"

"గిది గా గిటార్ గాదు. నేనే జేసిన."

ఆమె మొగుడు బీక్యా గనిలో రాత్రి షిఫ్టు దిగి మంచం మీద ఉన్నాడు. లేచి కూర్చుని నవ్వాడు, పళ్లతో మాత్రమే. "రా బామ్మర్దీ, రా. మా తమ్ముండ్లను పిలుస్త ఆగు. నీ పాట లేకుంటే వాళ్లకు ముద్ద దిగుతలేదు. రామీ, కుర్సీ ఎయ్యి. పెద్ద కళాకారుడు."

"కుర్సీ లేదు," అంది రామి.

కుమార్ గుమ్మం పక్కన నేల మీదే కూర్చున్నాడు. దుప్పటి విప్పాడు. ఆమె పలకను గుర్తుపట్టింది. కట్టెను బట్టి కాదు, చిన్నప్పుడు తను ఆ చెట్టు మీద కొడవలితో గీసుకున్న గీత ఒకటి అంచున రంగు కిందినుంచి కనిపిస్తోంది.

"చెట్టును గూడ ఇడిసిపెట్టలేదా?"

అతను ప్లగ్ పెట్టి, జవాబుగా వాయించడం మొదలుపెట్టాడు. తల్లి మాట, తండ్రి మాట పలికాయి. బీక్యా నవ్వు ఆపేశాడు. రామి మిరపకాయల మీద చేతులాడించడం మానలేదు. తమ్ముడి మాట ముందుకు వచ్చింది. అతను ఆగాడు, తను ఎంతో సాధన చేసిన ఆ ఆగడం.

"ఏంది గది?" అంది రామి.

"నువ్వక్కడ ఊపిరి తీస్కున్నవ్ బాయీ."

అదే క్షణంలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగ్ జరిగింది. నేల ఒకసారి కడుపులోంచి కదిలింది. గూట్లోని గిన్నెలు కలబడ్డాయి. కుమార్ చేతులు ఉలిక్కిపడి పైకి లేచాయి. ఒంటరిగా ఒళ్లో ఉన్న గిటార్ తీగలన్నీ వాటంతటవే వణికి, ఎవరూ కట్టని ఒక రాగం ఇల్లంతా పాకింది. ఆ వెనక మూలుగు. గుంయ్‌మని, ఎడతెగకుండా.

రామి రెండంగల్లో వచ్చి అరచేయి తీగల మీద గట్టిగా వేసింది, నోరు మూసినట్టు. మిరపకారం అంటిన చెయ్యి. మూలుగు ఆగిపోయింది.

"ఊపిరి తీసుకోలేదు," అంది. ఆమె గొంతు అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. "నీ కోసం చూశాను. అమ్మను పట్టుకున్నాను, బాపును పట్టుకున్నాను. నీ వంతు వచ్చింది, చేతులు చాపాను. నువ్వు లేవు. ట్రాక్టర్ వెనకాల నిలబడి ఫోన్ పట్టుకుని ఉన్నావు. అందరూ చూస్తున్నారు. నా చేతులు గాలిలో ఉన్నాయి. ఆ గాలిని పట్టుకుని ఏడ్చాను నేను, నీ పేరు చెప్పి."

ఇన్నేళ్లూ తను ప్రేమించిన ఆ ఖాళీ తనదేనని, తను నిలబడాల్సిన చోటని కుమార్‌కు అప్పుడు తెలిసింది. రాజేశ్ దానిలో డప్పులు పోశాడు. తను దాన్ని ఇంకా అందంగా సాగదీసి తెచ్చాడు.

"దాన్ని ఎత్తుకో. ఇంకెప్పుడూ నా ముందు వాయించకు. నడువు."

బీక్యా మంచం మీంచి "అన్నం తిని..." అనబోయాడు. రామి అతని వైపు చూసిన చూపుకు పడుకున్నాడు.

ఆమె చెయ్యి తీసింది. మూలుగు మళ్లీ లేచింది. కుమార్ ప్లగ్ పీకాడు. దుప్పటి చుడుతుంటే తీగల మీది కారం వేళ్లకు అంటింది. కళ్లు తుడుచుకోవడానికి లేకుండా పోయింది. వాకిలి దాటేదాకా ఆమె గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉంది, దొంగ నిజంగా పోతున్నాడా లేదా అని చూసే ఇంటావిడలా.

బస్సు పరకాల దాటాక అతనికి స్ఫురించింది. తిట్టిన ప్రతి మాటా ఒక్కటొక్కటిగా చెవిలో తిప్పుకుని చూశాడు. గిటార్‌ను మోకాళ్ల మధ్య ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఇల్లు చేరేసరికి జమున బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అతని ఎర్రటి కళ్లు చూసింది, దుప్పటి మూట చూసింది.

"ఏమన్నది?"

"తిట్టింది."

"కొట్టాల్సుండె." చేటను ఒకసారి చెరిగింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "తెలుగులనా?"

"కాదు, లంబాడీల," అన్నాడు కుమార్.

జమున చేతులు ఆగాయి. చేటలో ఇంకో గుప్పెడు బియ్యం పోసి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.